కలకత్తా నుంచి సాలూరుకి ఎన్ని గంటలు

దయ్యాలంటే నవ్వేవాణ్ణి. ఘాట్‌రోడ్డులో తెల్లచీర కనిపించిందని తోటి డ్రైవర్లు చెబితే కల్లు తగ్గించమనేవాణ్ణి. ఇది కూడా దయ్యం కథ కాదు. మా అన్నయ్య మీద పడ్డ నింద తుడిచెయ్యాలని రాస్తున్నాను.

అరవైల చివరి మాట. సాలూరులో మాకొక లారీ ఉండేది. నేనూ, మా చెల్లెలి భర్త సూర్నారాయణా మార్చి మార్చి నడిపేవాళ్ళం. అన్నయ్య కలకత్తాలో జూట్ మిల్లులో పనిచేసేవాడు.

మా నాన్న ఘాట్‌లోనే పోయాడు. డీజిల్ కలిసొస్తుందని న్యూట్రల్‌లో దింపుతుంటే బ్రేకులు పట్టలేదు. అప్పటినుంచి మా బండి గేరులోనే దిగాలని ఇంట్లో ఒట్టు.

మేము దూరాన్ని మైళ్ళలో కాదు, గంటల్లో చెప్పుకుంటాం. కోరాపుట్ నుంచి లోడుతో నాలుగు గంటలు. ఒక ఉదయం అక్కడ ఆరింటికి బయలుదేరిన సూర్నారాయణ తొమ్మిదికే వచ్చేశాడు. చక్రాల దగ్గర కాలిన వాసన. బ్రేకు డ్రమ్ము మీద ఉమ్మేస్తే సుయ్యిమంది.

"న్యూట్రల్‌లో దించీసేవేటి బావా?"

"దించీసేను. అయితే ఏటి? బండి వచ్చిందా నేదా?"

"మా నాన్న ఎలా పోనాడో తెలిసీ?"

"మావకి తిప్పడం రాక పోనాడు. నన్ను సూడు, పువ్వులా దించీసేను."

టీబడ్డీ దగ్గరున్న నలుగురూ నవ్వారు.

మొదటి గుద్దుకే అతని పెదవి చీలింది. కింద పడితే డొక్కలో తన్నాను. నెత్తురు కక్కుతున్నా ఆగలేదు. చక్రాల నట్లు విప్పే ఇనప రాడ్డు అందుకుని రెండు చేతులతో ఎత్తాను. బెదిరించడానికే ఎత్తానని ఇన్నాళ్ళూ చెప్పాను. అబద్ధం. చంపడానికే ఎత్తాను.

రాడ్డు దిగింది. మధ్యలో ఒక చెయ్యి అడ్డొచ్చింది. ఎముక విరిగిన చప్పుడు విన్నాను. ఎదురుగా అన్నయ్య ముఖం. చిరిగిన బనీను, ఒంటినిండా జనపనార నూగు.

"ఒరే, సెల్లి ముకం సూడరా," అన్నాడు.

రెప్ప వేసేసరికి లేడు. రాడ్డు సూర్నారాయణ తల పక్కన మట్టిలో దిగబడి ఉంది. నేనే పక్కకి కొట్టానని చూసినవాళ్ళు అన్నారు. సూర్నారాయణ కళ్ళు మూసుకున్నాడు, ఏమీ చూడలేదు. కానీ ఎముక చప్పుడు అతనూ విన్నాడు.

నాలుగో రోజు కలకత్తా నుంచి అన్నయ్య తోటి కార్మికుడు రాసిన ఉత్తరం వచ్చింది. మా గొడవ జరిగిన ఉదయమే, తొమ్మిది దాటాక, మిల్లు గేటు దగ్గర ఊరికే నిలబడ్డ అన్నయ్య కుడిచెయ్యి రెండుగా విరిగింది. దగ్గర్లో ఏ యంత్రమూ లేదు. తాగి పడ్డాడని పనిలోంచి తీసేశారు. మా ఊళ్ళోనూ అదే మాట పాకింది. ఆయన చుక్క ముట్టేవాడు కాదు. అది తెలిసీ నేను నోరు విప్పలేదు. విప్పితే ఆ ఉదయం నేనేం చెయ్యబోయానో చెప్పాలి.

ఎన్నిసార్లు లెక్కేశానో. హౌరా నుంచి విజయనగరానికి రైల్లో ఒక రాత్రి, దాదాపు ఒక పగలు. విమానమైతే? విశాఖలో అడిగి తెలుసుకున్నాను. అక్కడిదాకా మూడు గంటలు, అక్కణ్ణించి బస్సులో మరో నాలుగు. గంటల లెక్కతోనే సూర్నారాయణ తప్పు పట్టుకున్నవాణ్ణి. ఈ లెక్క మాత్రం ఈనాటికీ తెగలేదు.

నెల తర్వాత అన్నయ్య చెయ్యి మెడకి వేలాడేసుకుని రైలు దిగాడు. మా గొడవ సంగతి ఆయనకి ఎవరూ రాయలేదు. ప్లాట్‌ఫారం మీద నన్ను చూసి ఒక్కటే అడిగాడు.

"బావ తలకేటీ కానేదు కదరా?"

కాలేదన్నాను. ఎలా తెలిసిందని అడిగే ధైర్యం లేకపోయింది. నిరుడు ఆయన పోయాడు, ఆ వంకర చెయ్యితోనే, ఆ తాగుబోతు పేరుతోనే.