చెడితేనే పేరు

పండు ఈగల పాఠం వచ్చిందంటే నాకు నీరసం వస్తుంది. కడపలో డిగ్రీ పిల్లలకు జంతుశాస్త్రం చెప్పడం మొదలుపెట్టినప్పటి నుంచి అదే పాఠం, అదే ప్రశ్న. "మేడమ్, ఈగ కంటికి ఎరుపు తెచ్చే జన్యువుకు ‘వైట్’ అని పేరేంది?" అది బాగున్నంతకాలం ఎవరూ పట్టించుకోలేదు నాయనా, అది చెడి ఒక ఈగ తెల్లకళ్లతో పుట్టాకే అలాంటిదొకటి ఉందని తెలిసింది, ఆ చెడిన తీరునే పేరుగా పెట్టారు అంటాను. రెక్కలు మొలిపించే జన్యువూ అంతే, దాని పేరు ‘వింగ్‌లెస్’. పిల్లలు నవ్వుతారు. వాళ్లకేం, నవ్వుతారు.

మా అక్కను ఆలూరులో మా అమ్మ తమ్ముడికే ఇచ్చారు. మావైపు మేనరికం మామూలే, ఇంటి పిల్ల ఇంట్లోనే ఉంటుందని సంబరం కూడా. అట్లా అక్కకు మా సొంత అవ్వే అత్త అయింది. అక్కకు పుట్టిన పాపకు చెవులు వినపడవని తెలిసినప్పటి నుంచి ఆ అవ్వే అక్కను పేరు పెట్టి పిలవడం మానేసింది. ‘చెవిటిదాన్ని కన్నది’ అంటుంది, అంతే. పొద్దున్నే పేడ ఎత్తేది, శనగ చేనులో కలుపు తీసేది, రాత్రి అవ్వ కాళ్లు పట్టేది అక్కే. వాటికి ఒక్క మంచి మాటా పుట్టలేదు. "మీ నాయన వంశంలోనే ఉండాది ఆ రోగం. నా కొడుక్కు వేరే పిల్లను చూస్తా" అని అవ్వ తెగేసి చెప్పాక, అక్క పాపను చంకనేసుకుని నా ఇంటికొచ్చేసింది.

ఇక్కడి డాక్టరు పాపతోబాటు తల్లిదండ్రులిద్దరి రక్తమూ పరీక్ష చేయించమన్నాడు. మామ కాదనకుండా వచ్చి ఇచ్చిపోయాడు. ఫలితం తెలిసిన ఆదివారం మళ్లీ వచ్చాడు.

"ఏం తేలిందమ్మా?"

"ఇద్దర్లోనూ ఉండాది మామా. ఆ జన్యువు ఎవరికైనా జంటగా ఉంటాది. నీలో ఒకటి చెడింది, అక్కలో ఒకటి. ఒక్కటి చెడితే ఏం కాదు. పాపకు చెడినవే రెండూ వచ్చినాయి. మీది ఒక ఇంటి రక్తమే గదా."

"నాలో కూడానా? నాకు బాగానే ఇనపడతాండాది గదే!"

అక్కకూ బాగానే వినపడుతుందని అప్పటిదాకా ఆ ఇంట్లో ఎవరికీ తట్టలేదు.

"అది బాగుంటే ఏం చేస్తాదే?" అని అక్క నన్నడిగింది.

"ఇనపడేట్టు చేస్తాది."

"దాన్నేమంటారు?"

"చెవుడు జన్యువు అంటారు."

అక్క నవ్వలేదు. మామ పాప గుడ్డల సంచి చేతికి తీసుకున్నాడు. "సరే, పోదాం పా. మాయమ్మకు నేను సర్దిచెప్తా. నాలో ఉండాదనే మాట మాత్రం ఊర్లో ఎత్తొద్దు. నలుగుర్లో తిరిగేటోణ్ణి. ఎట్లాగూ నీవల్లనే అనుకుంటాండారు, అట్లనే అనుకోనీ."

నాకు ఒళ్లు మండింది. నేను నోరు తెరిచేలోపే అక్క లేచి, ఆయన చేతిలోంచి సంచి తీసేసుకుంది.

"నువ్వు పో మామా. ముందు ఆ మాట మీయమ్మకు చెప్పు, ఊర్లో చెప్పు. చెప్పినాక వచ్చి పిలువు, వస్తాం."

వస్తాడనే అనుకున్నాం. అక్క చాలా ఆదివారాలు ఆయనకని కూడా బియ్యం పోసింది. నేనూ వద్దనలేకపోయాను. ఆయన రాలేదు. ఆలూరులో మాత్రం ఇప్పుడు అక్కకు ఇంకో పేరు పెట్టారట: మొగుణ్ణి ఇడిసింది.