పూల వాన దగ్గర ఆగిపోయిన వీడియో

మా పాప అన్నప్రాశననాడు పుస్తకం, కలం, బంగారం, కత్తి వరసగా పెట్టి పాపను వాటి ముందు వదిలారు. ఏది ముందు పట్టుకుంటే పెద్దయ్యాక అదే దారి అంటారు. సరిగ్గా అప్పుడే నేను వంటింట్లోకి పరుగెత్తాను, పాపకు కాచిన నీళ్ళు చల్లారాయో లేదో చూడడానికి. నా భయాలు అలాంటివి. తిరిగి వచ్చేసరికి అందరూ చప్పట్లు కొడుతున్నారు. మా అత్తగారు "పుస్తకం" అన్నారు. మావారి మేనత్తగారు "కాదు, కత్తి" అన్నారు. వాళ్ళకది సరదా. నేను మాత్రం ఆ రోజు నుంచి కూరగాయలు కోసే చాకును కూడా పై అరలో దాస్తున్నాను.

ఫోటోగ్రాఫర్ ఆ రోజు తీసిన వీడియో వచ్చిందనగానే, ఆదివారం పొద్దున్నే మేనత్తగారు ఇబ్రహీంపట్నం నుంచి పటమటలోని మా ఇంట్లో దిగారు. ఆ ఫైలు నా ఫోన్‌లో తెరుచుకోలేదు. మావారు దాన్ని సగం తెర నల్లబడిన పాత లాప్‌టాప్‌లో వేసి, టీవీలోని యాప్‌కు కలిపారు. పాప పాకింది. తెర నిండా గులాబీ రేకులు కురిశాయి. అంతే, బొమ్మ ఆగిపోయి మధ్యలో సున్నా తిరగసాగింది.

"నిజం బయటపడుతుందని నువ్వే ఆపించావు వదినా!" అన్నారు మేనత్తగారు.

"నాకు రిమోట్ పట్టుకోవడమే రాదు, నేనాపించానా!" అన్నారు అత్తగారు.

మావారు రూటర్ ఆపి మళ్ళీ వేశారు. యాప్ తీసేసి మళ్ళీ ఎక్కించారు. రేకులు దాటించి ముందుకు జరిపితే పాప అప్పటికే చప్పట్ల మధ్య ఉంది. వెనక్కి జరిపితే మళ్ళీ సున్నా.

చివరికి నేను లాప్‌టాప్ తెరలో బాగున్న సగం వైపు చూశాను. నేను చదివింది బీకామే కానీ, 'ఫైలు మారుస్తోంది' అని అక్కడ కనబడేసరికి సంగతి అర్థమైంది. ఆ ఫైలు టీవీకి తెలిసిన రకం కాదు. లాప్‌టాప్ దాన్ని ముక్క ముక్కగా మార్చి పంపుతోంది. ఒక్క పెనం మీద అట్లు పోస్తూ పంక్తి నిండా వడ్డించినట్టు! మామూలుగా ఎలాగో అందుకుంటోంది కానీ, వందల రేకులు తలా ఒకవైపు ఎగిరేసరికి చేతులెత్తేస్తోంది.

"అసలీ పూలెవరు వేయమన్నారు?" అన్నాను.

"నేనే. పిల్ల పాకుతుంటే పూలు కురవద్దూ? దండిగా వేయమని ఫోటోగ్రాఫర్‌కి రెండుసార్లు ఫోన్ చేసి చెప్పా" అన్నారు అత్తగారు.

అట్లన్నీ ముందే పోసి పెట్టుకుందామని, ఫైలు మొత్తాన్ని టీవీకి నచ్చే రకంలోకి మార్చడానికి పెట్టి భోజనాలకు కూర్చున్నాం. చేతులు కడుక్కుని వచ్చి వేస్తే ఈసారి ఎక్కడా ఆగలేదు. రేకుల సందులోంచి పాప చెయ్యి తిన్నగా కత్తి మీదికి వెళ్ళింది. ఇంతలో పక్కనుంచి గాజుల చెయ్యొకటి వచ్చి, కత్తిని అవతలికి నెట్టి, పాప వేళ్ళ కిందికి పుస్తకం తోసింది.

"అదుగో! ఎవరివమ్మా ఆ గాజులు?" మేనత్తగారు లేచి నిలబడ్డారు.

"చంటిపిల్ల కత్తి పట్టుకుంటే చూస్తూ ఊరుకోమంటావా? వేలు తెగదూ?" అన్నారు అత్తగారు.

"అది కేకు కోసే ప్లాస్టిక్ కత్తి వదినా! పెట్టిందే నేను!"

నవ్వు ఆపుకోలేక నేల మీద కూలబడ్డాను. ఇన్నాళ్ళూ ఈ ఇంట్లో పిరికిదాన్ని నేనొక్కదాన్నే అనుకున్నాను. వెళ్ళి అత్తగారిని గట్టిగా వాటేసుకున్నాను.

"వదులమ్మాయ్, ఊపిరాడట్లేదు" అంటూ ఆవిడా నవ్వేశారు. "ఏదీ, ఇంకోసారి వెయ్యి."