ఫొక్కో గారి చెంచా

మా ఇంట్లో టీ తాగేవాళ్ళు రెండే రకాలు: జ్వరం వచ్చినవాళ్ళు, రాబోతున్నవాళ్ళు. అందుకే ఉత్తరాన సముద్రపు ఒడ్డు నుంచి వచ్చి మా మేడమీద గదిలో దిగిన ఫొక్కో గారు తెల్లారగానే వేడినీళ్ళు అడిగితే, నేను హడలిపోయి దుప్పటి కూడా పట్టుకుని పరిగెత్తాను.

"ఒంట్లో ఎలా ఉందండీ?"

"శుభ్రంగా ఉందమ్మా. నీళ్ళు బాగా మరగనివ్వండి, అంతే."

ఆయన పెట్టెలో రెండు చొక్కాలు ఉండేవి. మిగతాదంతా టీ పొడి, పటికబెల్లం, గులాబీ పువ్వు వేసిన పింగాణీ కప్పులు. చర్చిలో ఆర్గన్ తిత్తుల్ని ఎలుకలు కొరికేస్తే బాగుచెయ్యడానికి ఫాదర్ గారు పిలిపించిన మనిషి ఆయన. యాభై దాటాయి, పెళ్ళి కాలేదు. మాట్లాడితే నోరు అరిగిపోతుందన్నట్టు పొదుపుగా మాట్లాడేవాడు.

నా పేరు అఫ్రా. మా ఆయన పంక్రాట్స్‌కు తాతల నాటి బీరు బట్టీ ఉంది. వెనకాల కాస్తాం, ముందుగదిలో పోస్తాం. వీధికి అవతల మా వదిన వాల్బుర్గ వైను కొట్టు. మా మామగారు పోతూ పోతూ కొడుక్కి బట్టీ, కూతురికి ద్రాక్షతోట ఇచ్చాడు. ఆనాటి నుంచీ బీరు గొప్పా వైను గొప్పా అని అక్కాతమ్ముళ్ళిద్దరికీ రోజూ రణమే. ఆదివారం భోజనం మాత్రం ఒకే బల్ల దగ్గర. వదిన వచ్చిన సంబంధాలన్నీ తిప్పికొట్టి, ఇక పెళ్ళే వద్దని భీష్మించుకుని కూర్చుంది.

ఆర్గన్ శ్రుతి చెయ్యడమంటే ఒక్క స్వరాన్నే పొద్దస్తమానం మోగించడం. వదిన ఒకరోజు ఓర్చింది. మర్నాడు చర్చిలోకి దూసుకెళ్ళి, "ఏమండీ, ఆ దూడకు పాలు పట్టరా? నిన్నటి నుంచి ఒకటే అరుపు!" అని కడిగేసింది. ఫొక్కో గారిని అంత నిండుగా ఎవరూ తిట్టలేదట. అక్కడే మనసు పారేసుకున్నాడు. వేసవంతా ఏదో ఒక వంకతో ఆ కొట్టు ముందు నుంచే తిరిగి తిరిగి, చివరికి ఒకనాడు టోపీ చేత్తో పట్టుకుని అడిగేశాడు.

వదిన కాదనలేదు! నేను విని కుర్చీలో కూలబడ్డాను.

"మా బల్ల దగ్గర మా తమ్ముడి బీరూ, నా వైనూ తాగని మనిషిని ఎక్కడ కూర్చోబెట్టుకోను? టీ కప్పు పట్టుకుని రోగిష్టిలా ఓ మూల కూర్చుంటారా? తాగడం నేర్చుకోండి. ద్రాక్ష కోతల్లోపు నా మాట చెప్తాను," అంది.

కోతలనాటికి ఆర్గన్ పని కూడా అయిపోతుంది. వదిన ఒప్పుకోకపోతే ఆయనకు మా ఊళ్ళో ఉండే దారి లేదు. పాపం, ఆ సాయంత్రమే వచ్చి బట్టీ ముందుగదిలో కూర్చున్నాడు.

మా మగ్గులకు తగరం మూతలుంటాయి. మూత తెరిచి ఉంటే పొయ్యమని, మూస్తే చాలని. ఇది మా ఊళ్ళో కోళ్ళకు కూడా తెలుసు. ఫొక్కో గారు మొదటి మగ్గు మందు మింగినట్టు మింగి, మూత బార్లా తెరిచి పెట్టాడు. పోసినవాళ్ళ ముఖాన మూత వేసెయ్యడం మర్యాద కాదనుకున్నాడట. నేను నింపాను. ఆయన మగ్గు చుట్టూ చూశాడు, బల్ల కింద చూశాడు, నిట్టూర్చి తాగాడు. నేను మళ్ళీ నింపాను. మళ్ళీ బల్ల కిందికి వంగాడు.

"ఏం పోగొట్టుకున్నారండీ?"

"ఏం లేదమ్మా. మీరు పొయ్యండి. నేనేమీ అనుకోను," అన్నాడు, ఉరికంబం ఎక్కేవాడిలా.

కాసేపటికి కోట్లు తగిలించే కొయ్య ముందు మోకరిల్లి, "వాల్బుర్గ గారూ, మరీ చిక్కిపోయారేమిటండీ!" అని కన్నీళ్ళు పెట్టుకున్నాడు. మా ఆయన ఆనందం పట్టలేక, "బావా!" అంటూ ఆయన్నీ కొయ్యనూ కలిపి కావలించుకున్నాడు. వదిన మాత్రం వీధి అవతల నుంచి చూసి, "గ్లాసు ఎత్తడం నేర్చుకోమన్నాను గానీ బట్టీ ఎండగట్టమన్నానా?" అని తలుపేసుకుంది.

తరువాతి వారం మళ్ళీ వచ్చాడు. ఈసారి ధీమాగా ఉన్నాడు. ఒక మగ్గు తాగి, జేబులోంచి వెండి చెంచా తీసి, అందరూ చూసేలా మగ్గులో వేసి, చేతులు కట్టుకున్నాడు. పొరపాటున పడిందనుకున్నాను. అడుగున మిగిలింది పారబోసి, చెంచా తుడిచి ఇచ్చి, కొత్త మగ్గు నిండుగా తెచ్చాను. ఆయన ముఖం పాలిపోయింది. అదీ తాగి మళ్ళీ చెంచా వేశాడు. మళ్ళీ తుడిచాను, మళ్ళీ తెచ్చాను. ఇంకోసారి వేసేసరికి నాకు ఒళ్ళు మండింది.

"పెద్దమనిషై ఉండి ఏమిటండీ ఈ చెంచాలాట! నాకు వేరే పనుల్లేవా?"

"అమ్మా, చెంచా వేసినా పోస్తారా మీరు?" అన్నాడాయన దీనంగా.

అప్పుడు బయటపడింది. వాళ్ళ ఊళ్ళో టీ పోస్తే మూడు కప్పులు తాగందే లేవకూడదు. ఆ తరువాత కూడా, కప్పులో చెంచా వేసేదాకా పోసేవాళ్ళు ఆపరు. చెంచా వేస్తే చాలని అర్థం. దానితో కలపడం మాత్రం మహాపాపం. నేను పొట్ట పట్టుకుని నవ్వి, మూత సంగతి చెప్పాను. ఆయన మూత వేశాడు, తెరిచాడు, మళ్ళీ వేశాడు. "ఎంత సుఖంగా ఉంది!" అన్నాడు. నా నోట్లో నువ్వుగింజ నానదు. చీకటిపడే లోపు ఊరంతటికీ తెలిసింది.

బీరు గట్టెక్కింది. ఇక వైను.

వదిన కొట్టులో తెల్లటి కొత్త బట్ట పరిచింది. తోడుకు నన్ను కూర్చోబెట్టి, తన తోట వైను ఆయన గ్లాసులో కొద్దిగా పోసింది.

"గ్లాసు తిప్పండి, వాసన లేస్తుంది."

"కలపకూడదండీ," అన్నాడు ఫొక్కో గారు భయంగా.

"ఎవరు కలపమన్నారు? తిప్పమన్నాను!" అని వదిన ఆయన మణికట్టు పట్టుకుని తిప్పింది. చెయ్యి తగిలేసరికి ఆయనకు ఒళ్ళంతా తిరిగింది, వైను సగం బట్ట మీదికెళ్ళింది. వదిన పళ్ళు బిగబట్టుకుని మళ్ళీ పోసింది. ఆయన ఒక గుక్క తాగాడు. ముఖం పచ్చిచింతకాయ కొరికినట్టయింది. వదిన మనసు నొప్పించకూడదని ఏం చెయ్యాలో ఆలోచించాడు. ఆలోచించి, జేబులోంచి పటికబెల్లం ముక్క తీసి గ్లాసులో వేశాడు.

అది టింగుమని మోగింది.

వదిన గ్లాసు అడుగున ముక్కను చూసింది. "మా నాన్న నాటిన తీగలు," అంది నెమ్మదిగా. తరువాత నెమ్మది లేదు. "మా నాన్న వైనులో బెల్లమా! లేవండి! బయటికి! ఆ గ్లాసు కూడా తీసుకుపొండి, ఇక దాన్ని నేను ముట్టుకోను!"

ఆయన గ్లాసు పట్టుకునే వీధి దాటాడు. వారంపాటు కొట్టు తలుపు ఆయన కోసం తెరుచుకోలేదు. ఈలోగా ఆర్గన్ పూర్తయింది, కోతలు మొదలయ్యాయి. ఫొక్కో గారు పెట్టె కట్టుకుని, వెళ్ళేముందు మా అందరికీ టీ ఇస్తానన్నాడు. వదినను నేనే లాక్కొచ్చాను. "మర్యాదకు వస్తున్నా, అంతే," అంది.

కప్పులో పటికబెల్లం వేశాడు, టీ పోశాడు, అంచు వెంట మీగడ జార్చాడు. మా ఆయన గబగబా కలిపేశాడు. ఫొక్కో గారు కళ్ళు మూసుకుని భరించాడు. ఒక కప్పు కాగానే మా ఆయన "చాలు బావా" అన్నాడు. ఫొక్కో గారు పోశాడు. "చాలన్నానా!" ఇంకా పోశాడు. గత్యంతరం లేక మా ఆయన కప్పు మీద తన టోపీ బోర్లించాడు. నేను బుద్ధిగా మూడు తాగి చెంచా వేశాను.

వదిన మూడూ తాగింది. చెంచా సాసరు పక్కనే ఉంది. ఆయన పోశాడు, ఆవిడ తాగింది. మళ్ళీ పోశాడు, మళ్ళీ తాగింది. ముఖం ఎర్రబడింది, నుదుట చెమట పట్టింది. నేను మోకాలితో పొడిచాను.

ఆయనకే జాలేసింది. "వాల్బుర్గ గారూ, మీకు తెలియదేమో. కప్పులో చెంచా వేస్తే నేను ఆపేస్తాను. ఇబ్బంది పడకండి."

వదిన చెంచా తీసింది. దాన్ని ఆయన చొక్కా జేబులో పెట్టి, ఖాళీ కప్పు ముందుకు జరిపింది.

"తెలుసు. అఫ్రా ఊరంతా టముకు వేసిందిగా. పొయ్ ఫొక్కో."

అంతవరకూ ఆవిడ ఆయన్ని మీరనే అనేది. ఆయన టీ పాత్ర వంచాడు. చుక్క రాలేదు. దాన్ని బల్ల మీద పెట్టి, పెట్టె తాళ్ళన్నీ విప్పి, టీ డబ్బా బయటికి తీశాడు.