ధరణి బకెట్‌లో గుడ్ల పీత

కెనడాలోని సర్రేలో ఏ తెలుగువాడు కొత్తగా గాలం కొన్నా, పీతల బుట్ట కొన్నా, బిల్లు చేతిలో ఉండగానే అమరేశ్వరరావుకు ఫోన్ చేస్తాడు. లైసెన్సు ఎక్కడ తీసుకోవాలి, పోటు ఎన్నింటికి, ఎరగా కోడికాలు మంచిదా సాల్మన్ తలకాయ మంచిదా, ఏది అడిగినా ఆయన దగ్గర జవాబు సిద్ధం. ‘ఆటుపోట్లు’ అని ఒక వాట్సాప్ గ్రూపు కూడా పెట్టాడు. ప్రతి శుక్రవారం సాయంత్రం ప్రభుత్వం వారి టైడ్ టేబుల్ చూసి, మర్నాటి పోటూ పాటూ తెలుగులో రాసి అందులో పెడతాడు. గ్రూపులో సగం మందికి తినడమే గానీ పట్టడం రాదు. అయినా శుక్రవారం సందేశం కాస్త ఆలస్యమైతే చాలు, ఒంట్లో బాగాలేదా అని అడుగుతారు.

ఆయనకు యాభై ఒకటి. పక్కనే డెల్టా అనే ఊళ్ళో ఒక మందుల గోడౌన్‌లో షిఫ్ట్ సూపర్‌వైజర్. పుట్టింది గోదావరి సముద్రంలో కలిసేచోట, మడ అడవుల పక్కనున్న పల్లెకారుల పేటలో. తండ్రి వల మీద బతికినవాడు. ఈ దేశం వచ్చిన మొదటి ఏళ్ళలో ఆ సంగతి ఎవరికీ చెప్పేవాడు కాదు. నాన్నగారు ఏం చేసేవారండీ అని ఎవరైనా అడిగితే ‘వ్యాపారం’ అని ఊరుకునేవాడు. పీతలు రుచి మరిగిన సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళు ‘గురువుగారూ’ అని పిలవడం మొదలుపెట్టాక మాత్రం తండ్రీ, పడవా, వలా అన్నీ నోటికి వచ్చేశాయి. ఒకప్పుడు దాచుకున్నదాన్ని ఇప్పుడు మరీ ఎక్కువగా చెప్పుకునేవాడు. మనిషి గొప్ప ఎటు నుంచి వస్తే అటు తిరుగుతాడు, ఏం చేస్తాం!

వాళ్ళ పేటలో ఒక పట్టింపు ఉండేది. వేటకు వెళ్ళినవాడు ఖాళీ బుట్టతో రేవు ఎక్కకూడదు. ఎక్కాడా, ఒడ్డున చేపలు ఏరుకునే ఆడవాళ్ళు వదిలిపెట్టరు. “ఏరా, గోదారికి తానానికెళ్ళావా?” అని వీధి చివరిదాకా సాగనంపుతారు. అందుకని ఏమీ పడని రోజున అమరేశ్వరరావు తండ్రి చివరికి ఒక చిన్న పీతనైనా బుట్టలో వేసుకుని, పైన తడిగుడ్డ కప్పి, నిండు బుట్ట మోస్తున్నట్టు వంగి నడిచేవాడు. కొడుక్కి ఆ నడక కూడా వచ్చింది. ఈ దేశంలో పద్దెనిమిదేళ్ళుగా ఆయన బకెట్ ఒక్కసారీ ఖాళీగా ఇల్లు చేరలేదు.

ధరణి ఆ గ్రూపులోకి వేసవిలో వచ్చింది. ముప్పై మూడేళ్ళ పిల్ల, సిరిసిల్ల నుంచి వచ్చి ఒక బేకరీలో పనిచేస్తోంది. పీఆర్‌కి, అంటే ఇక్కడే స్థిరపడే అనుమతికి, అప్లై చేసి ఎదురుచూస్తోంది. వారమంతా ఓవెన్ వేడిలో నిలబడి, శనివారం కాస్త నీళ్ళగాలి తగులుతుందని వచ్చేది. మొదటిరోజే “అన్నా, నాకేం రాదు, మొదటి నుంచి చెప్పాలె” అంది. అందరూ గురువుగారంటే, ఆమె ఒక్కతే అన్నా అంది. ఆ పిలుపు ఆయనకు ఎంత నచ్చిందో భార్య చంద్రకళకు తెలుసు. ఆ సాయంత్రం అన్నం తింటూ మూడుసార్లు చెప్పాడు.

నేర్చుకోవడంలో ఆమెది చాదస్తమనే చెప్పాలి. లైసెన్సు ఫోన్‌లో ఉన్నా కాగితం మీద కూడా తీసి ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుంది. పసుపురంగు ప్లాస్టిక్ కొలబద్ద ఒకటి కొని బకెట్ పిడికి దారంతో కట్టుకుంది. ఇక్కడ పట్టే డంజినెస్ రకం పీత వీపు అడ్డంగా నూట అరవై అయిదు మిల్లీమీటర్లు ఉంటేనే ఉంచుకోవాలి, అదీ మగదైతేనే. తిరగేస్తే పొట్టకింద మూత సన్నగా ఉంటే మగది, వెడల్పుగా ఉంటే ఆడది. ఆడదాన్ని ఎంత పెద్దదైనా నీళ్ళలో వదిలెయ్యాలి. ఇవన్నీ చెప్పింది అమరేశ్వరరావే. బుట్ట మూతను నూలు తాడుతోనే ఎందుకు కట్టాలో కూడా చెప్పాడు. బుట్ట నీళ్ళలో పోయినా కొన్నాళ్ళకు తాడు కుళ్ళిపోయి మూత తెరుచుకుంటుంది, లోపల పీతలు ఊరికే చావవు. ఆయన మాత్రం కొలబద్ద వాడడు. జాన పెట్టి చూస్తాడు. “మా నాన్న జాన ఇది, మిల్లీమీటర్లు దీన్ని చూసి నేర్చుకోవాలి” అంటాడు.

అక్టోబరులో ఒక శనివారం, ఫ్రేజర్ నది ఉప్పునీళ్ళలో కలిసే దాపున, చెక్కవంతెన మీద ఆరేడుగురు తెలుగువాళ్ళు చేరారు. కొత్తవాళ్ళు ఇద్దరున్నారు. వాళ్ళను తీసుకొచ్చింది సంజయ్, ఆయనకు వీర శిష్యుడు. “చూడండి, గురువుగారు బుట్ట వేస్తే పీతలు లైన్లో నిలబడతాయి” అని కారులోనే చెప్పి తెచ్చాడు.

“పోటు నిండి, పాటు మొదలయ్యే లోపల నీళ్ళు అరగంట నిలబడతాయండి. పీత నడిచేది అప్పుడే. ముందొచ్చినా లాభం లేదు, తర్వాతొచ్చినా లాభం లేదు” అని అమరేశ్వరరావు కొత్తవాళ్ళకు పాఠం చెప్పాడు.

నీళ్ళు నిలబడ్డాయి. పీతలు నడవలేదు. బుట్ట తీసిన ప్రతిసారీ అరచేయంత పిల్లపీతలు రెండో మూడో, లేదా నాచు. నాలుగు గంటలు గడిచాయి. ధరణికి ఒకటి పడింది. కొలబద్ద పెట్టి చూసి, రెండు మిల్లీమీటర్లు తక్కువని నీళ్ళలోకి వదిలేసింది. ఉసూరుమనకుండా నవ్వింది కూడా. సంజయ్ మొదట జోకులు వేశాడు, తర్వాత మానేశాడు. కొత్తవాళ్ళలో ఒకడు ఫోన్ చూసుకుంటూ, “ఇంతకీ పీతలు సూపర్‌స్టోర్‌లో దొరుకుతాయి కదా?” అన్నాడు. అందరూ నవ్వారు. అమరేశ్వరరావు కూడా నవ్వాడు గానీ చెవులు వేడెక్కాయి.

చివరి బుట్ట లాగేటప్పుడు తాడు బరువుగా తగిలింది. లోపల ఒకే పీత, దాదాపు జానెడు పెద్దది. తిరగేశాడు. ఆడది. వెడల్పాటి మూత కింద నారింజరంగు గుడ్లు ముద్దగా పొంగి ఉన్నాయి. చిన్నప్పుడు అమ్మ గుడ్ల పీత పులుసు పెడితే, ఆ గుడ్లముద్ద కోసం అన్నదమ్ములు కొట్టుకునేవారు. చేతులు ఒక్క క్షణం ఆగాయి. నీళ్ళలో వదిలెయ్యాలని ఆయనకు తెలీదా? గ్రూపులో నూట నలభై మందికి చెప్పినవాడు. అయితే బకెట్ ఖాళీగా ఉంది. వంతెన చివర సంజయ్, కొత్తవాళ్ళు తాళ్ళు చుట్టుకుంటున్నారు. ధరణి కారులో ఉన్న టీ ఫ్లాస్కు కోసం వెళ్ళింది. ఆయన బకెట్‌లో ఎర కడిగిన నీళ్ళు తప్ప ఏమీ లేవు, దానికి మూతా లేదు. ఆమె బకెట్ మూతతో సహా పక్కనే ఉంది. అందులో పీతను వేసి, పైన నాచు కప్పి, మూత పెట్టేశాడు. కారు దగ్గర తీసుకుంటే సరి అనుకున్నాడు. మొత్తం పనికి పదిక్షణాలు కూడా పట్టలేదు.

తాళ్ళు చుట్టుకుని, టీ తాగుతుండగా ఫిషరీస్ ఆఫీసర్ వచ్చింది. నెరిసిన జుట్టు, నెమ్మది మనిషి. లైసెన్సులు చూసింది, ఒక్కో బకెట్ చూసింది. ధరణి ఉత్సాహంగా కవర్లోని కాగితం తీసి ఇచ్చింది, మూత తానే తీసింది. ఆఫీసర్ నాచు పక్కకు తొలగించింది.

ధరణికి ముందు అర్థం కాలేదు. పీతను చూసింది, ఆఫీసర్‌ను చూసింది, తర్వాత తల తిప్పి అమరేశ్వరరావును చూసింది. ఆయన సముద్రం వైపు చూస్తున్నాడు. అక్కడ చూడడానికి ఏమీ లేదు.

“ఇది ఎవరు పట్టారు?” అని ఆఫీసర్ అడిగింది.

సంజయ్ తన బకెట్ వైపు చూసుకున్నాడు. ఆఫీసర్ ఈసారి అమరేశ్వరరావు వైపు తిరిగి, “సర్, ఇది ఎవరిదో మీకు తెలుసా?” అని మళ్ళీ అడిగింది.

తేలు కుట్టిన దొంగ సామెత ఆయన ఎన్నోసార్లు విని ఉంటాడు. ఇప్పుడు ఆ దొంగ తానే. తల అడ్డంగా ఊపాడు.

“బకెట్ నాది” అంది ధరణి. అబద్ధం చెప్పలేదు. పీత నాది అనలేదు. ఆఫీసర్ ఆమె పేరు రాసుకుని, పీతను జాగ్రత్తగా నీళ్ళలోకి వదిలి, జరిమానా టికెట్ చేతిలో పెట్టింది.

తిరుగుదారిలో ధరణి ఆయన కారులోనే ఎక్కింది. తిడుతుందని, అడుగుతుందని ఆయన ఎదురుచూశాడు. అడిగితే చెప్పేద్దామని కూడా అనుకున్నాడు. చివరికి ఆమె అడిగింది వేరే.

“అన్నా, ఇది పీఆర్ ఫైల్‌కు ఏమన్నా దెబ్బనా?”

“ఏం కాదమ్మా. చిన్న విషయం” అన్నాడు ఆయన. తన పాస్‌పోర్టు కెనడాది. తనకు చిన్న విషయమే. ఆ మాట అన్న నోటిని తానే కొట్టుకోవాలనిపించింది.

ఆ సాయంత్రం గ్రూపులో సంజయ్ రాశాడు. ‘ఇవాళ మనవాళ్ళ బకెట్‌లో గుడ్ల పీత దొరికింది. గురువుగారు ఇన్నిసార్లు చెప్పినా వినకపోతే ఎలా ఫ్రెండ్స్?’ దాని కింద వరుసగా చేతులు జోడించిన బొమ్మలు. గురువుగారి లాంటివారు ఉండబట్టే మనకు ఈ మాత్రం క్రమశిక్షణ ఉందని ఒకరు, ఆయన పరువు కూడా పోయేదని ఇంకొకరు. అన్నింటి కింద ధరణి రాసింది. ‘సారీ. ఇంకోసారి జాగ్రత్తగ ఉంట.’

ఆ ఒక్క వాక్యాన్ని అమరేశ్వరరావు ఎన్నిసార్లు చదివాడో లెక్క లేదు. తల కొట్టేసినట్టయింది. బయటివాళ్ళు కొట్టి ఉంటే ఓర్చుకునేవాడేమో, వాళ్ళు పూలదండలు వేస్తున్నారు. ‘అది నేను’ అని టైప్ చేశాడు, చెరిపేశాడు. మళ్ళీ చేశాడు, చెరిపేశాడు. శుక్రవారం వచ్చింది. పోటూ పాటూ రాసి పెట్టాడు. సిగ్గుపడ్డవాడికి కూడా టైడ్ టేబుల్ చదవడం వస్తుంది మరి.

ఆదివారం చంద్రకళ కూరగాయలు తరుగుతూ, తలెత్తకుండానే అంది. “ధరణి ఫోన్ చేసింది. ఎవరో ఇమిగ్రేషన్ కన్సల్టెంట్, కేసు ఏదీ లేకుండా ఉంటే మంచిదన్నాడంట. అన్న బిజీగా ఉన్నాడా వదినా అని అడిగింది.”

“ఏం చెప్పావు?”

“బిజీయే అన్నాను. ఏవండీ, పెళ్ళయి ఇరవై మూడేళ్ళు. మీరు ఉత్త బకెట్‌తో గుమ్మం ఎక్కడం నేను చూళ్ళేదు, ధరణికి టికెట్ పడిన శనివారం తప్ప. ఆ పీత ఎటుపోయిందో నాకు తెలీదనుకున్నారా?”

చంద్రకళ బెండకాయలు తరగడం పూర్తిచేసి లేచి వెళ్ళిపోయింది. ఆయనకు తండ్రి గుర్తొచ్చాడు. ఖాళీ బుట్ట దాచుకోవడానికి వంగి నడిచాడే గానీ, ఏనాడూ పక్కవాడి బుట్టలో చెయ్యి పెట్టలేదు. ఆ పట్టింపును ఇంత దూరం మోసుకొచ్చి, చేసింది ఈ పని. ఒంటరిగా కూర్చుని కూడా ముఖం కప్పుకున్నాడు.

సోమవారం సెలవు పెట్టి ఫిషరీస్ ఆఫీసుకు వెళ్ళాడు. అదే ఆఫీసర్. జరిగింది చెప్పాడు. ఎందుకు చేశారని ఆమె అడిగింది. ఖాళీ బకెట్ సంగతి, రేవు సంగతి ఇంగ్లీషులో చెప్పబోతే అవి సాకుల్లా వినిపించాయి. “అందరూ చూస్తున్నారని” అన్నాడు చివరికి.

“ఆ రోజు మీ వైపు తిరిగి మరీ అడిగాను” అందామె. కోపంగా అనలేదు. అందుకే ఆ మాట లోపల దిగబడింది. ఆయన స్టేట్‌మెంట్ రాసిచ్చాడు. టికెట్ ఆయన పేరు మీదికి మారింది. ధరణి టికెట్ వెనక్కి తీసుకుంటున్నట్టు ఒక కాగితం కూడా ఇచ్చారు. పార్కింగ్‌లో కారులో కూర్చుని, గ్రూపులో నాలుగు వాక్యాలు రాసి, ఈసారి చెరపకుండా పంపేశాడు. ‘ఆ పీత నేను పట్టింది. ధరణి బకెట్‌లో దాచింది నేను. ఆఫీసర్ అడిగినా చెప్పలేదు. ఆ అమ్మాయి తప్పేమీ లేదు.’

గంట తర్వాత సంజయ్ ఒక్కడు, ‘ఇట్స్ ఓకే సర్, హ్యాపెన్స్’ అని పెట్టాడు. గురువుగారు అనలేదు.

కాగితం పట్టుకుని బేకరీకి వెళ్ళాడు. ధరణి ఏప్రాన్ తీయకుండానే బయటికి వచ్చింది. మోచేతిదాకా పిండి. కాగితం రెండుసార్లు చదివింది. ఊపిరి వదిలింది. ఆమె భుజాలు కిందికి దిగడం ఆయన చూశాడు. ఇన్నాళ్ళూ అవి అలా బిగుసుకునే ఉన్నాయని అప్పుడు తెలిసింది.

“నాకు అప్పుడే తెలుసు” అంది. “మీరే చెప్తరని ఆగిన. కారులో చెప్తరనుకున్న. తర్వాత గ్రూపులో చెప్తరనుకున్న.”

“తప్పు చేశానమ్మా. క్షమించు.”

“సరే” అంది. కాగితం మడిచి జేబులో పెట్టుకుంది. “థాంక్స్, అమరేశ్వరరావు గారూ. లోపల ట్రే ఉంది, మాడిపోతది.” వెళ్ళిపోయింది.

అమరేశ్వరరావు గారూ. ఆ పిలుపులో ఏ తప్పూ లేదు, మర్యాదే ఉంది. ఆయన బేకరీ అద్దాల ముందు కాసేపు నిలబడ్డాడు, ఇంకో మాట ఏదైనా వస్తుందేమోనని.

ఆ శనివారం వంతెన మీదికి వెళ్ళకుండా ఉండాలని ఎంతో అనుకున్నాడు. చంద్రకళ బకెట్ తెచ్చి గుమ్మంలో పెట్టింది. వెళ్ళాడు. దారిలో కొత్త పసుపు కొలబద్ద కొన్నాడు, పిడికి దారంతో కట్టుకున్నాడు. పడినవాటికి దాన్ని పెట్టి చూసి, కొలతకు తక్కువైనవాటిని నీళ్ళలో వదిలేశాడు. కొంచెం దూరంలో సంజయ్, ధరణి బుట్టలకు ఎర కడుతున్నారు. నమస్కారాలు అయ్యాయి. ఎవరూ మర్యాద తక్కువ చెయ్యలేదు.

ధరణి తాడు వదులుతూ నీళ్ళ వైపు చూసింది. అమరేశ్వరరావు ఆమెకు నాలుగడుగుల దూరంలోనే ఉన్నాడు. ఆమె ఆయన మీదుగా అవతలికి తొంగిచూసి గొంతెత్తింది.

“సంజయ్ అన్నా, ఇయ్యాల పోటు ఎన్ని గంటలకు నిండుతది?”

సంజయ్ ఫోన్ తీసి వెతకసాగాడు. పదకొండుంబావుకి నిండుతుందని అమరేశ్వరరావుకు తెలుసు. తనను అడగలేదు కాబట్టి, ఖాళీ బకెట్ పక్కన తాడు చుట్టుకుంటూ ఊరుకున్నాడు.