జీడిపిక్కల పోకరు

మా వాడలో ఆడవాళ్ళు నా వెనక ఏమనుకునేవారో నాకు తెలుసు. కోడలు మావగారికి ఎదురుగా కూర్చుని పేకాట ఆడుతోందట, సిగ్గూ శరమూ లేదట. ముఖం మీద అనే దమ్ము మాత్రం ఒక్కదానికీ లేదు. అంటే నేను ఊరుకునే రకం కాదని వాళ్ళకూ తెలుసు. అవును, ఆడాను. మూలపేటకు కాస్త అవతల, సముద్రం ఒడ్డున మా పాక ముందు చాప పరుచుకుని పట్టపగలే ఆడాను. అదీ ఓడల మీద తెల్లవాళ్ళు ఆడే ఆట. పోకరు అంటారు దాన్ని.

మావ నాకు పరాయివాడేం కాదు. మా అమ్మకు సొంత తమ్ముడు. ఆయన కొడుక్కే, అంటే మా బావకే నన్నిచ్చి చేశారు. మావ వయసంతా పొగ ఓడల్లో బొగ్గు కొడుతూ గడిపాడు. కలకత్తా నుంచి రంగూను, రంగూను నుంచి ఇంకెక్కడికో. రంగూనును మావాళ్ళు రంగం అనేవారు. ఆఖరికి ఆయాసం పట్టుకుని, ఇక ఒంట్లో సత్తువ లేదని, నౌపడా స్టేషనులో రైలు దిగి ఇంటికి వచ్చేశాడు. ఇన్నేళ్ళకూ తెచ్చిందేమిటయ్యా అంటే ఒక దుప్పటి, ఒక పేక. మా అత్త అప్పటికే పోయింది కాబట్టి సరిపోయింది, ఉండి ఉంటే ఆ పేక పొయ్యిలోకి పోయేది.

ఆ ఏడాది మా ఇంటికి పట్టిన పీడ పేక కాదు, బావ భయం. బావ తెప్ప మీద వేటకు వెళ్ళేవాడు. తెప్పంటే నాలుగు దుంగలు కట్టిన కట్టు, అంతే. దాని మీద నిలబడి కెరటాలు దాటి అవతలికి పోవాలి. ఒకసారి కెరటం దగ్గర తెప్ప తిరగబడింది, ఈదుకొచ్చాడు. అందరికీ జరిగేదే. దసరా రోజుల్లో మళ్ళీ తిరగబడింది. ఈసారి వల కాళ్ళకు చుట్టుకుని తెప్ప కింద ఉండిపోయాడు. తోటివాళ్ళు లాక్కొచ్చి ఇసకలో పడేసేసరికి పెదాలు నల్లబడి ఉన్నాయి. నేను ఆ పూట ఏడ్చిన ఏడుపు పక్క ఊరికి వినిపించి ఉంటుంది. బతికాడు. కానీ బతికిన మనిషి మళ్ళీ నీళ్ళలో కాలు పెట్టలేదు.

"రెండుపాలి తప్పినాది. మూడోపాలి తప్పదు. సంద్రం నన్ను గుర్తెట్టుకున్నాది" అనేవాడు.

వాడలో ముసలివాళ్ళు కూడా అవునవునని తలలు ఊపారు. వాళ్ళ తలలు పాడుగాను! చలికాలం వచ్చింది, సముద్రం అద్దంలా పరుచుకుంది, ఊళ్ళో తెప్పలన్నీ వేటకు పోతుంటే మా తెప్ప ఒక్కటే ఇసక మీద ఎండిపోతూ ఉంది. నేను వేరేవాళ్ళ ఎండుచేపలు గంపలో నెత్తికెత్తుకుని ఉద్దానం తోటల్లోకి వెళ్ళి, ధాన్యానికో కొబ్బరికాయలకో జీడిపిక్కలకో మార్చుకొచ్చేదాన్ని. అలా ఇల్లు గడిచేది. ఇంతలో రంగానికి కూలీలను తీసుకెళ్ళే మేస్త్రీ ఒకడు వచ్చాడు. శివరాత్రి వెళ్ళాక ఓడ ఉందన్నాడు. బావ వస్తానన్నాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"రంగం ఎల్తావేటి? ఆ ఓడేటి గాల్లో ఎల్తాదేటి? ఈ సంద్రం మీంచే గదా ఎల్తాది!" అన్నాను.

"అది పెద్దోడ" అన్నాడు బావ, నా ముఖం చూడకుండా.

రంగం వెళ్ళినవాళ్ళు ఏమయ్యారో నాకు తెలియదా? నా ఎదురుగానే ఉన్నాడు మావ. పెళ్ళాం చచ్చిపోయిన కబురు ఆయనకు ఎన్నాళ్ళకో గాని చేరలేదు. నాకు బావ కావాలి. తిట్టుకోవడానికైనా ఇంట్లో మనిషి కావాలి. ఆ మాట చెప్పడం చేతకాక చెంబులూ గిన్నెలూ విసిరి పెట్టేదాన్ని.

మావ కొడుకును ఒక్క మాటా అనలేదు. ఒకరోజు మధ్యాహ్నం మాత్రం నన్ను పిలిచాడు. "ఒలే గుంటా, ఇలగ్రా. ఆ పిక్కల గంప కూడా అట్టుకురా" అన్నాడు. చాప మీద పేక పరిచాడు. బావ గుమ్మం దగ్గర గోడకు ఆనుకుని దిక్కులు చూస్తూ కూర్చున్నాడు. అది చూసే మావ అక్కడ చాప వేశాడని నాకు చాలా రోజులకు గాని వెలగలేదు.

ఆట కష్టమైనదేం కాదు. పంచకముందే తలా ఒక పిక్క మధ్యలో వెయ్యాలి. అయిదేసి ముక్కలు పంచుతారు. నచ్చితే ఇంకాసిని పిక్కలు వేసి ఉండాలి, నచ్చకపోతే ముక్కలు బోర్లించి తప్పుకోవాలి. ఉన్నవాళ్ళు పనికిరాని ముక్కలు పారేసి అన్నే కొత్తవి తీసుకుంటారు. మళ్ళీ పిక్కలు వేస్తారు. చివరికి ఎవరి చెయ్యి గొప్పదైతే వాళ్ళదే కుప్ప. ఒకే రకం రెండుంటే జత. దానికన్నా రెండు జతలు మేలు, ఆపైన ఒకే రకం మూడు, ఆపైన అయిదూ వరస, ఆపైన అయిదూ ఒకే గుర్తు. అంకెలు నాకు అంతకుముందు రావు, ఆ ముక్కల మీద గుర్తులు లెక్కపెట్టే నేర్చుకున్నాను. అక్షరాలు మాత్రం చాలా ఏళ్ళ తర్వాత వచ్చాయి.

మొదట్లో నేను మహా ఆశపోతును. అయిదు, ఆరు, ఎనిమిది, తొమ్మిది చేతిలో ఉంటే చాలు, మధ్యలో ఏడు వచ్చేస్తుందని పిక్కల మీద పిక్కలు గుమ్మరించేదాన్ని. వచ్చేది కాదు. మావ నవ్వి, ఒక పిడతలో నలభై ఏడు పిక్కలు వేశాడు. నా చేతిలోని అయిదూ పోగా పేకలో నాకు కనపడని ముక్కలు అన్నే. వాటిలో నాలుగింటికి సున్నం బొట్టు పెట్టాడు. అవి ఏడులు.

"సూడకుండా తియ్యి. ఎన్నిపాల్లకి బొట్టుది వత్తాదో నువ్వే సూడు" అన్నాడు.

తీశాను, మళ్ళీ వేశాను, కలిపాను, తీశాను. చెయ్యి నొప్పెట్టింది గాని బొట్టు పిక్క పన్నెండు సార్లకు ఒకసారి వచ్చిందంటే గొప్ప. అదే అయిదు, ఆరు, ఏడు, ఎనిమిది చేతిలో ఉంటే నాలుగు వచ్చినా పనికొస్తుంది, తొమ్మిది వచ్చినా పనికొస్తుంది. అప్పుడు ఎనిమిదింటికి బొట్లు పెట్టాడు. ఆరుసార్లకు ఒకసారి వచ్చింది. అలా అర్థమైంది నాకు. మధ్యలో ముక్క కోసం ఒక పిక్క వెయ్యాలంటే కుప్పలో పదకొండుకు పైగా ఉండాలి, అటూ ఇటూ తెరిచి ఉన్నదానికైతే అయిదుకు పైగా ఉంటే చాలు. అంతకు తక్కువుంటే నోరు మూసుకుని ముక్కలు బోర్లించాలి. ఓలమ్మా, ఇంత చిన్న సంగతి తెలియకనా నేను గంపెడు పిక్కలు పోగొట్టుకున్నది అనిపించింది.

ఆటలో మొదట మాట్లాడేవాడికన్నా ఆఖర్న మాట్లాడేవాడిది పైచెయ్యి అని కూడా మావే చెప్పాడు. ముందువాళ్ళు ఏం చేశారో చూసుకోవచ్చు కదా. అందుకని ఆఖరి వంతు నాది కానప్పుడు ఇంకా మంచి చెయ్యి ఉంటేనే ఉండేదాన్ని.

గోడకు ఆనుకున్న మనిషికి ఎన్నాళ్ళని నోరు ఊరుకుంటుంది? ఒకరోజు నాకు నాలుగు ఎర్ర డైమన్లు వచ్చాయి, అయిదోది కావాలి. అంతకుముందు మూడు ఆటల్లో అలాగే ఆశపడి మూడుసార్లూ పోగొట్టుకున్నాను. బావ వెనక నుంచి ఉండబట్టలేక అన్నాడు. "మూడుపాల్లు రానేదు గదా, ఈపాలి తప్పకుండా వత్తాది. ఎయ్యి."

మావ చేతిలో పేక ఆపాడు. కొడుకు వైపు తిరిగాడు. "ఏటి, ముక్కకి తెలుసేటి, మూడుపాల్లు రానేదని? నాను మళ్ళీ కలిపీసినాను గదరా. పేకకి నిన్న ఏటి జరిగినాదో గురుతుంటాదేటి?"

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. బావ ముఖం కందగడ్డలా అయింది. లేచి, చాప అంచు కాలితో తన్ని, పిక్కలన్నీ చెల్లాచెదురు చేసి, "మీరిద్దరూ కలిసి నాకు సుద్దులు సెప్తన్నారేటి! తెప్ప కింద ఉన్నది నాను, మీరు కాదు!" అని వెళ్ళిపోయాడు.

నేను వెంటపడి నాలుగు అందామని లేచాను. మావ నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళున్నాయి. పిక్కలు ఏరుకుంటూ కూర్చున్నాం.

మూడోనాడు బావ తనే వచ్చి చాప మీద కూర్చున్నాడు. "నాకూ పంచండి" అన్నాడు, అంతే.

ఆడటం మాత్రం ఏమని చెప్పను! పంచడం, చూడటం, బోర్లించడం. జత వచ్చినా బోర్లించేవాడు, రెండు జతలు వచ్చినా బోర్లించేవాడు. మావ నాలుగు పిక్కలు మధ్యలోకి తోశాడంటే చాలు, తప్పుకునేవాడు. అలా ఒక్కొక్క పిక్కా పోయి పోయి, సాయంత్రానికి తన ముందున్న కుప్పంతా కరిగిపోయింది.

"నానేటీ తప్పాట ఆడనేదు గదా, పిక్కలన్నీ ఏటైపోనాయి?" అన్నాడు, నిజంగానే తెలియక.

"ఆడకపోయినా పంచినప్పుడల్లా ఒకటి పోతాది గదా బావా" అన్నాను నేను. వెటకారంగా అందామనుకున్నాను గాని ఆ ముఖం చూస్తే మెత్తగానే వచ్చింది.

ఆఖరి ఆటలో బావ బోర్లించిన ముక్కలు నేను తిప్పి చూశాను. మూడు రాణులు! మావ తన ముక్కలు తిరగేస్తే అందులో జత కూడా లేదు, ఉత్త బుకాయింపు. "ఓరి నా కొడకా, ముగ్గురు రాణుల్ని ఇంట్లో ఎట్టుకుని నాకు జడిసినావేటి?" అని మావ దగ్గు వచ్చేదాకా నవ్వాడు. బావ కూడా నవ్వాడు. దసరా తర్వాత ఆ మనిషి నవ్వగా చూడటం అదే మొదలు. నాకైతే ఆ నవ్వుకు గంపెడు పిక్కలు దిష్టి తీసి పారేయాలనిపించింది.

అప్పటి నుంచి మెల్లగా దారిలో పడ్డాడు. చెత్త చెయ్యి వస్తే బోర్లించేవాడు, మంచిది వస్తే ఉండేవాడు. ఉండి ఓడిపోయినా మరుసటి ఆటలో జడవడం మానేశాడు. ఒకనాడు తనంతట తనే మావను అడిగాడు. "అయితే అయ్యా, సంద్రం కూడా పేకలాటిదేనా?"

"కాదురా. పేకలో వచ్చే ముక్క కనపడదు. కెరటం కనపడతాది, గాలి తెలుత్తాది. నీకాడ నాకన్నా మంచి సెయ్యే ఉన్నాది" అన్నాడు మావ. అయినా బావ రంగం వెళ్ళనని మాత్రం చెప్పలేదు. శివరాత్రి వచ్చింది, వెళ్ళింది. నేను రోజూ అతని ముఖం చూసి ఏమీ తేల్చుకోలేక చచ్చేదాన్ని.

ఒకనాడు తెల్లవారి లేచేసరికి పక్క ఖాళీగా ఉంది. తెడ్డు లేదు. ఒడ్డుకు పరిగెత్తాను. ఇసక మీద మా తెప్ప లేదు, లాగిన జాడ మాత్రం నీళ్ళ దాకా ఉంది. కెరటాల అవతల ఎన్నో తెప్పలు, ఏది మాదో తెలియడం లేదు. ఇన్నాళ్ళూ వేటకు వెళ్ళు వెళ్ళు అని పోరిన నేను, అక్కడే ఇసకలో కూలబడ్డాను. మావ నా పక్కన వచ్చి కూర్చున్నాడు. కాసేపటికి పేక తీసి, "పంచీదా?" అన్నాడు.

"నోరుముయ్యి మావా!" అన్నాను. మావను నేనెప్పుడూ అంత మాట అనలేదు. ఆయన పేక మూసేశాడు. ఎన్నింటికి ఒకటి, ఎన్నిసార్లకు ఒకసారి అని నేర్చుకున్నదంతా ఎటుపోయిందో తెలియదు. నాకున్నది ఒక్క బావే, ఆ ఒక్కడూ నీళ్ళ మీద ఉన్నాడు.

పొద్దెక్కుతుండగా మేస్త్రీ మమ్మల్ని వెతుక్కుంటూ ఒడ్డుకే వచ్చాడు. "ఓడొచ్చింది, నీ మొగుడేడి?" అన్నాడు.

లేచి నిలబడ్డాను. "ఏటకెల్లినాడు. నీ ఓడ నువ్వు అట్టుకుపో" అన్నాను.

మధ్యాహ్నానికి తెప్ప కెరటాల దగ్గరికి వచ్చి ఆగింది. ఒక పెద్ద కెరటాన్ని పోనిచ్చింది, ఇంకోదాన్ని పోనిచ్చింది, మూడోదాన్నీ పోనిచ్చింది. తర్వాత ఒక్క ఊపున ఇసక మీదికి వచ్చింది. బావ దిగాడు. వలలో కవళ్ళ చేపలు మెరుస్తున్నాయి. నేను వాటి వంక చూడలేదు, వెళ్ళి ఆ తడి గుండెల మీద రెండు చేతులతోనూ బాదుతూ ఏడ్చాను.

"బాగానే వచ్చీసినాను గదే, ఎందుకేడుత్తావు?"

"నీకు బయ్యం పోనాది బావా. నాకు అట్టుకున్నాది."

బావ నా తల తడిమాడు. "పోనీ, మళ్ళీ నాకిచ్చీ. రంగం ఎల్లిపోతాను" అన్నాడు నవ్వుతూ.

"ఇవ్వను" అన్నాను.

బావ ఆ తెప్ప మీదే ముసలివాడయ్యాడు. వేటకు వెళ్ళిన ప్రతి పొద్దునా నేను ఒడ్డున నిలబడి భయపడ్డాను. ఇంటికొచ్చాక అన్నం వడ్డించేటప్పుడు మాత్రం ఆ మాట ఎప్పుడూ అతనితో ఎత్తలేదు.