మీసం తీసిన రాణి

మా యక్షగానంలో రాణి వేషం నాది. తెలంగాణ నుంచి గుజరాత్ వచ్చి పర్వత్ పాటియాలో స్థిరపడ్డ మగ్గాలవాళ్లం ఏటా వీధిలో స్టేజి కట్టి ఆడేవాళ్లం. ఆడవేషాలు మగవాళ్లే కట్టాలన్నది ఊళ్ల నుంచి వెంట తెచ్చుకున్న పద్ధతి. పెళ్లి కాకముందు నుంచీ నేనే రాణిని. కొడుకు యుద్ధంలో పోయాడని విని రాణి పాడే పాట ఒకటుంది. అది మొదలైతే చంకలో పిల్లలు కూడా ఊరుకునేవారని మావాళ్లు చెప్పుకునేవారు. కొంచెం ఎక్కువే చెప్పుకునేవారు, నేనూ కాదనేవాణ్ణి కాదు.

ఆట దగ్గరపడగానే మీసం తీసేసేవాణ్ణి. అది నా భార్యకు గిట్టేది కాదు. మాలో ఇంటి పెద్దలు పోతేనే మీసం తీస్తారు. "నీ మొకం జూస్తె ఎవలో సచ్చినట్టుంటది" అని ఏటా అదే మాట. అంటూనే నా కొలతకు రాణి రైక కుట్టిపెట్టేది.

కరోనా వచ్చిన మొదటి ఏడు ఆట లేదు. సగం మంది ఊళ్లకు పోయారు, మిగిలినవాళ్లం గదుల్లో పడి ఉన్నాం. రెండో ఏడు నాకే జబ్బు చేసింది. తగ్గింది కానీ ఒంట్లో ఓపిక తిరిగి రాలేదు. మగ్గం దగ్గర నిలబడితే కాళ్లు లాగేవి. నిజం చెప్పాలంటే దేని మీదా మనసు లేదు. అలాంటప్పుడు సంఘం పెద్ద ఫోన్ చేశాడు. జనం గుమిగూడే వీలు లేదు కాబట్టి ఈసారి ఆటను సినిమాగా తీసి అందరి ఫోన్లకూ పంపుదామన్నాడు. ఎవరికి ఏ వేషమో మాట్లాడుకుందాం రమ్మన్నాడు. ఆ మాటతో ఎక్కడి ఓపిక వచ్చిందో ఏమో. మీసం తీసేసి, తలకు రుమాలు చుట్టి, మాస్కు పెట్టుకుని బయల్దేరాను.

సంఘం గదిలో పెద్దాయనతో పాటు పెళ్లి వీడియోలు తీసే గుజరాతీ ఆయన కూడా ఉన్నాడు. పెళ్లిళ్లు లేక ఖాళీగా ఉండి మా పనికి ఒప్పుకున్నాడట. చాయ్ ఇచ్చారు. తాగడానికి మాస్కు కిందికి దించాను.

పెద్దాయన గ్లాసు కింద పెట్టి లేచి నా దగ్గరికొచ్చాడు. "ఎవలు పోయిండ్రు తమ్మీ? ఒక్క మాట జెప్పకపోతివి" అన్నాడు. ఆ రోజుల్లో ఏ ఇంట విన్నా అదే వార్త కాబట్టి ఆయన అలా అనుకోవడంలో తప్పు లేదు.

"ఎవ్వలు పోలే అన్నా. వేషానికి తీసిన" అన్నాను.

ఆయన మొహం ఇంకా వాడిపోయింది. తిరిగి కూర్చుని చెప్పాడు. రాణి వేషం అప్పటికే మా గల్లీలో కాలేజీ చదివే అమ్మాయికి ఇచ్చేశారు. "కెమెరా మొకం కాడికొస్తది తమ్మీ. గడ్డం నీడ కనవడ్తదంట. పాట మాత్రం నీదే. నీ గొంతుకు పిల్ల పెదవులు కదుపుతది." వీడియో ఆయన హిందీలో లైటు గురించి ఏదో నచ్చచెప్పబోయాడు. సరేనన్నాను. పోట్లాడే ఓపిక లేదు. చాయ్ సగంలోనే వదిలేసి మాస్కు పైకి లాక్కున్నాను.

జబ్బు తర్వాత ఊపిరి చాలక పాటను ముక్కలు ముక్కలుగా పాడాను. వీడియో ఆయన వాటిని అతికించాడు. ఇంట్లో నా భార్య రాణి రైకకు కుట్లు వేసి పిల్ల కొలతకు చిన్నది చేసింది.

షెడ్డుకు సెలవు రోజున, ఆగిన మగ్గాల ముందు తెర కట్టి తీశారు. స్పీకర్లో నా గొంతు, ముందు ఆ పిల్ల. కొడుకు పోయిన పాట రాగానే నేను కెమెరా వెనక నిలబడ్డాను. చూసి నేర్చుకుంటుందని మొత్తం ఆడి చూపించాను. చేతులు చాచాను, గుండెలు బాదుకున్నాను, మోకాళ్ల మీద కూలబడ్డాను. పిల్ల ఆగిపోయింది.

"కాకా, జర బయట కూసుంటవా? నిన్ను జూస్తె నాకు అస్తలేదు" అంది. మెల్లగానే అంది. "నువ్వు ఆఖరి లైనోళ్లకు కనవడేటట్టు ఏడుస్తున్నవ్. కెమెరా ఈడనే ఉంది గదా."

బయటికొచ్చి మెట్టు మీద కూర్చున్నాను. లోపల నా గొంతు మళ్లీ మొదటి నుంచి అందుకుంది. తలుపు సందులోంచి చూశాను. పిల్ల పెద్దగా ఏమీ చేయలేదు. కొంగును ఒడిలో పెట్టుకుని, కొడుకు చొక్కా మడతపెడుతున్నట్టు మడుస్తూ కూర్చుంది. నాకు కళ్లు నిండాయి. ఆ పాటతో ఇన్నేళ్లూ ఊరిని ఏడిపించానే గాని నేనెన్నడూ ఏడవలేదు. వాళ్లు సరైన మనిషినే ఎంచుకున్నారు. అది ఒప్పుకోవడం జబ్బు కన్నా కష్టమైంది.

సినిమా ఈ చివరి ఉన్ నుంచి ఆ చివరి జోల్వా దాకా, మగ్గాలున్న ప్రతి పేటలో మావాళ్లందరి ఫోన్లలోనూ తిరిగింది. అంతా పిల్లను మెచ్చుకున్నారు. పాట కూడా ఆమెదే అనుకున్నారు కొందరు.

మరుసటి ఏడు స్టేజికి వీలు కుదిరింది. పెద్దాయన ఇంటికొచ్చి, రాణి కడతావా అని అడిగాడు. పిల్లనే కట్టనివ్వండి అన్నాను. ఆట దగ్గరపడ్డాక ఒక పొద్దున అద్దం ముందు కూర్చుని గడ్డం గీసుకున్నాను. మీసం వదిలేసి లేచాను.

"మీసం తియ్యవా?" అంది నా భార్య.

"తియ్య."

ఆమె దగ్గరికొచ్చి నా మొహం చూసింది. "పెండ్లైన కాడి సంది తియ్యకుమని అన్న" అంది. "గిట్ల వేషం ఇడిసిపెట్టి ఉంచుకొమ్మని అనలే."