అన్నయ్య వేసిన అతుకులు

పేరుకు సుత్తి మేస్త్రి గానీ, ఆయనంత తక్కువ మాట్లాడే మనిషి ఆ వీధి మొత్తంలో లేడు. బస్సుల డిపోలో సొట్టలు తీస్తూ జీవితం గడిపాడు. "పగలంతా సుత్తి వాగుతుంది, ఇంక నేనెందుకు వాగడం" అనేవాడు. పెళ్లి మాట ఎత్తినవాళ్లు లేకపోలేదు. ఈయనే ఇదిగో అదిగో అంటుండగా వయసు కాస్తా చెయ్యి దాటిపోయింది. ఉద్యోగం అయిపోయాక ఒక రేకుల షెడ్డు, దాని వెనక ఒక గది మిగిలాయి. పొద్దున వండుకున్నదే రాత్రికీ తినేవాడు. రుచి ఎలా ఉందని అడిగేవాళ్లు లేరు, చెప్పాల్సిన పనీ లేదు.

ఆయన అన్నయ్య అదే ఊళ్లో ఉండేవాడు. ఆఫీసులో గుమస్తా. ఇద్దరికీ మాటలు ఆగిపోయి చాలా ఏళ్లయింది. కారణం వింటే ఎవరైనా నవ్వుతారు. అన్నయ్య కూతురి పెళ్లిలో ఇంటివాళ్లందరూ ఫోటోకి నిలబడ్డారు. మేస్త్రి ఇస్త్రీ చొక్కా వేసుకుని, పిలుస్తారని ఒక పక్కన నిలబడ్డాడు. ఎవరూ పిలవలేదు. ఫోటో తీయడం అయిపోయింది. ఆయన చెప్పకుండా వెళ్లిపోయాడు. చెప్పకుండా వెళ్లాడని అన్నయ్యకి కోపం, పిలవలేదని తమ్ముడికి కోపం. చిన్న గీతే, ఎవరూ చెరపకపోయేసరికి గోడయింది. అన్నయ్య పోయినప్పుడు మేస్త్రి వెళ్లాడు, అందరికన్నా వెనక నిలబడ్డాడు, వచ్చేశాడు.

కొన్ని నెలలకి వదిన కబురు పెట్టింది. అన్నయ్య పాత కారు పెరట్లో తుప్పు పడుతోంది, తీసుకెళ్లి బాగుచెయ్యమని.

తాళ్లు కట్టి లాగించుకొచ్చి షెడ్డులో పెట్టాడు. పైకి చూస్తే బాగానే ఉంది. ముందు మడ్‌గార్డు మీద వేలి కణుపుతో కొట్టి చూశాడు. రేకైతే ఖంగుమనాలి, ఇది మట్టిగోడలా దబ్బుమంది. రంగు గీకాడు. కింద బొటనవేలు మందాన పుట్టీ. పుట్టీ తవ్వితే కిటికీకి కొట్టే దోమతెర, దాని వెనక కుక్కిన పాత గుడ్డలు. రేకు ఎప్పుడో తుప్పు తినేసింది.

డ్రైవరు కాళ్ల దగ్గర పరిచిన పట్టా ఎత్తి చూసి ఇంకా హడలిపోయాడు. నేల రేకుకి చెయ్యి పట్టేంత చిల్లు. దాని మీద నూనె డబ్బా రేకు కత్తిరించి, వంకరటింకర రివెట్లు కొట్టి, తారు పూశారు. స్టీరింగు కింద ఎర్ర వైరుని నీలం వైరుకి ముడేసి, గాయానికి వేసే తెల్ల ప్లాస్టర్ చుట్టారు.

"పనిమంతుడు పందిరేస్తే కుక్కతోక తగిలి కూలిందట" అని పళ్లు నూరాడు. ఎవడో దొంగ మెకానిక్కు అమాయకుణ్ని చేసి, అన్నయ్యని చావు మీద కూర్చోబెట్టి ఊరంతా తిప్పించాడు. ఆ కోపంలో చేతులు కూడా కడుక్కోకుండా వదిన ఇంటికి నడిచాడు.

"కారు ఎవరికిచ్చేవాడు వదినా? ఆ వెధవ షెడ్డు ఎక్కడో చెప్పండి."

వదిన బియ్యం ఏరుతోంది. తల ఎత్తలేదు.

"ఏ షెడ్డూ లేదు. ఆయనే చేసుకునేవారు."

"అన్నయ్యా? గోడకి మేకు కొట్టమంటే వేలు కొట్టుకునే మనిషి!"

"వేళ్లూ కొట్టుకునేవారు. సెలవు రోజు వస్తే చాలు, ఆ కారు కింద దూరేవారు. మెకానిక్కుకి ఇవ్వండీ అంటే, 'ఇంట్లో తమ్ముడు పనివాడై ఉండగా పరాయివాడి చేతికెలా ఇస్తానే' అనేవారు."

"మరి నన్ను పిలవొచ్చుగా!"

"అదే అన్నాను. 'తమ్ముణ్ని వేరే పిలవాలా, వాడే వస్తాడులే' అన్నారు."

మేస్త్రి చెప్పులు వేసుకుని వచ్చేశాడు.

షెడ్డులో మళ్లీ ఆ నేల రేకు ముందు గొంతుక్కూర్చున్నాడు. ఇప్పుడు ఒక్కో రివెట్టూ వేరుగా కనిపించింది. ఒక చోట చిల్లు తప్పు పడి, అన్నయ్య పక్కన ఇంకోటి వేసుకున్నాడు. డబ్బా రేకు అంచులు కాలికి కోసుకోకుండా ఓపిగ్గా లోపలికి మడిచాడు. పాపం, ఎవరైనా చూపిస్తే నేర్చుకునేవాడేమో. చూపించగలిగినవాడు నాలుగు వీధుల అవతల చల్లారిన అన్నం ముందు కూర్చుని ఉన్నాడు. మేస్త్రికి ఏడుపు రాలేదు. మడిచిన ఆ అంచు వెంట వేలు ఒకసారి నడిపాడు.

ఆ అతుకుల్లో ఒక్కటైనా ఉంచేద్దామా అని మనసు పీకింది. కానీ ఎంత ఆశతో వేసినా అతుకు అతుకే, నేల ఊడితే కాలు రోడ్డు మీద ఉంటుంది. అన్నీ కోసి పారేశాడు. కొత్త రేకు కొలిచి వంచి వెల్డింగు పెట్టాడు. వైర్లన్నీ మార్చాడు. తొందరపడలేదు. ఆ పని అయిపోతే మళ్లీ చేతులు ఊరికే ఉంటాయని ఆయనకి తెలుసు.

ఒక ఉదయం కారు నడుపుకుంటూ వెళ్లి వదిన ఇంటి ముందు ఆపాడు. ఆమె బయటికి రాలేదు. వెళ్లి తలుపు కొట్టాల్సి వచ్చింది.

"వచ్చింది నువ్వా? కారు చప్పుడే కాలేదే."

"బాగుచేశాను కదా వదినా. ఇప్పుడు గలగలలేవీ లేవు."

ఆమె కారు చుట్టూ తిరిగి, తలుపు మీద చెయ్యి వేసింది. "మలుపు దగ్గర ఆ గలగల వినిపిస్తే పొయ్యి వెలిగించేదాన్ని. ఆయన మెట్లెక్కేసరికి అన్నం ఉడుకు పట్టేది" అంది. నిష్ఠూరం ఏమీ లేదు ఆ మాటలో. "పోనీలే. ఇక ఎవరు నడుపుతారిక్కడ? నీ దగ్గరే ఉంచుకో."

 ఎప్పుడూ చెడిపోయింది బాగుచేయడమే గానీ, బాగుచేస్తే పోయేది కూడా ఒకటుంటుందని మేస్త్రికి ఇన్నాళ్లూ తట్టలేదు.

కారు షెడ్డులోనే ఉంది. వదినకి కళ్ల పరీక్ష ఉన్నప్పుడు ఆమెని ఆసుపత్రికి తీసుకెళ్తాడు. ఆమె ముందు సీట్లో కూర్చుంటుంది. దారంతా ఇద్దరూ పెద్దగా మాట్లాడుకోరు. ఇంజను మెత్తగా నడుస్తుంది కాబట్టి, ఆ మౌనం మొత్తం వినిపిస్తూ ఉంటుంది.